పొరుగింటి పొయ్యి వెలగాలి

గృహస్థుకు మన శాస్త్రాలు విధించిన పంచ మహాయజ్ఞాలలో మనుష్య యజ్ఞం ఒకటి. గుమ్మంలోకి వచ్చిన అతిథికి అన్నం పెట్టి అది పూర్తయిందనుకుంటాం. గడప దాటి వచ్చి అడగలేని పొరుగువారి మాట ఏమిటి?

నూజివీడు మామిడి సీమనే చూడండి. వేసవిలో బంగినపల్లి, రసాలు కోసి బండ్లకెత్తే కూలీలకు చేతినిండా పని. వానలు మొదలై తోటలు ఖాళీ అయ్యాక కూలి తగ్గుతుంది, ఆకలి తగ్గదు. వడ్డీ అప్పు గుమ్మం తొక్కేది అప్పుడే.

ఈ చిక్కుకు దారి చూపినది తెలుగు స్త్రీలే. నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చిన మహిళలు సారాపై తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమలైంది. సారాకు పోయే సొమ్ములో రోజుకొక రూపాయి పొదుపుగా మారింది. ఒకే వాడకు చెందిన పది పదిహేను మంది సంఘమయ్యారు. 2000లో మొదలైన వెలుగు పథకం ఆ సంఘాలను గ్రామ, మండల, జిల్లా సమాఖ్యలుగా కూర్చింది. తాకట్టుకు ఆస్తి లేని చోట ఇరుగుపొరుగు నమ్మకమే పూచీ అయింది. ఎవరింట జ్వరమో, ఎవరి బిడ్డ బడి మానిందో ముందు తెలిసేది పక్కింటికే కదా!

అయితే పొరుగుకు మరొక ముఖమూ ఉంది. వాయిదా కట్టలేని ఇల్లాలిని నలుగురిలో నిలదీసేదీ పొరుగే. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడి దుస్సహమై 2010లో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. పదిమంది సంఘమైనా వలస కూలీ, ఒంటరి వృద్ధురాలు, దివ్యాంగుడు బయటే మిగిలిపోవచ్చు. వాడకు వాడనే దూరం పెట్టిన కులభేదం సరేసరి.

2018 ఏప్రిల్‌లో హైదరాబాదు జియాగూడ రంగనాథాలయంలోకి చిలుకూరు అర్చకులు సి.ఎస్. రంగరాజన్ ఒక దళిత భక్తుని భుజాలపై మోసుకొని వెళ్లారు. తిరుప్పాణాళ్వారును లోకసారంగ ముని మోసిన గాథకు అది పునరాచరణ. ఆ భావన ఆలయంలో ఆగిపోక వీథిలోకి రావాలి.

శ్రద్ధతో, వినయంతో ఇవ్వమని తైత్తిరీయోపనిషత్తు బోధిస్తుంది. ఇచ్చామన్న గర్వం పుచ్చుకున్నవారిని చిన్నబుచ్చుతుంది. శ్రావణం వచ్చేది మామిడి కోత ముగిసి కూలి కరువైన రోజులలోనే. వరలక్ష్మీ వ్రతానికి మీ వీథిలో ఇంతవరకు ఎవరిని పిలవలేదో లెక్క చూసుకోండి. పిలిచి, వాయనమిచ్చి పంపివేయకండి. వారికి పొదుపు సంఘంలో చోటుందో లేదో కనుక్కోండి. లేకపోతే మరునాటి సంఘ సమావేశానికి వెంటబెట్టుకొని వెళ్లండి.