పేనుబంకా, పిండినల్లా? మందు కొట్టే ముందు ఆకు తిప్పి చూడండి



పాండూరు వైపు నుంచి పెరటి చిక్కుడు తీగ ఫోటోలు చాలా వస్తున్నాయి. కొనల నిండా నల్లటి పురుగు. "ఇది మల్బరీకి పాకుతుందా?" అని అడుగుతున్నారు.

అది పేనుబంక, తమిళంలో అసువిని. వెనకవైపు రెండు చిన్న గొట్టాలు పొడుచుకొని ఉంటాయి, ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూస్తే తెలుస్తుంది. చిక్కుడు, అలసంద మీద పెద్దవి నల్లగా మెరుస్తాయి, పిల్లలు బూడిద రంగు. వంగ, బెండ, దోస మీద ఉండేది వేరే రకం: పసుపు నుంచి ముదురాకుపచ్చ దాకా ఏ రంగులోనైనా ఉండొచ్చు, గొట్టాలు మాత్రం నలుపే. జిల్లేడు, గన్నేరు మీద పచ్చగా పసుపులా మెరుస్తూ నల్లకాళ్లతో ఉండేది మూడోది. ఇవేవీ సాధారణంగా మల్బరీలో కాపురం పెట్టేవి కావు.

మల్బరీకి అసలు శత్రువు పిండినల్లి, అంటే మావుపూచి. దీనికి ఆ గొట్టాలు ఉండవు, ఒంటిమీద తెల్లపిండి ఉంటుంది. చీమలు, జిగురు, మసి రెంటికీ ఉంటాయి కాబట్టి వాటిని చూసి తేల్చేయకండి. నలిపితే ఎర్రటి రసం వస్తే గులాబీరంగు పిండినల్లి. కొన ముడుచుకుపోయి, ఆకు మందంగా ముదురాకుపచ్చగా మారే తుక్రా దీనివల్లే. పసుపు రసం వస్తే బొప్పాయి పిండినల్లి కావచ్చు. మన దేశంలో దీన్ని 2008లో కోయంబత్తూరులో మొదట చూశారు. తర్వాత తమిళనాడు మల్బరీని బాగా దెబ్బతీసింది. 2010లో ప్యూర్టోరికో నుంచి తెచ్చి వదిలిన చిన్న కందిరీగ జాతి పురుగులే దాన్ని అదుపు చేశాయి. మందులు కొడితే ముందు చచ్చేవి అవే.

ఇంత చెప్పడానికి కారణం ఉంది. మాలో ఒకరు గట్టుమీది అలసందకు ఇమిడాక్లోప్రిడ్ కొట్టించారు. గాలికి తుంపర మల్బరీ మీద పడింది. ఆ ఆకు వేసిన పూట పురుగులు తల ఎత్తి, మెలికలు తిరిగి, పసరు కక్కాయి. నాలుగో జ్వరం దాటిన బ్యాచి, చంద్రికలు కూడా కడిగి పెట్టుకున్నారు పాపం. వేపమందు ఏమీ చేయదనుకోవద్దు, అది కూడా పట్టుపురుగు మేతను, జ్వరం విడవడాన్ని చెడగొడుతుంది.

పెరటి పేనుబంకకు నీళ్లు గట్టిగా చిమ్మితే చాలావరకు రాలిపోతుంది. గోధుమరంగులో ఉబ్బి కదలకుండా అంటుకున్నవి కనిపిస్తే మేలుచేసే పురుగు వాటిలో గుడ్డు పెట్టిందన్నమాట, వాటిని వదిలేయండి. మల్బరీలో తుక్రా కొనలను తుంచి, సంచిలో వేసి, బయటికి తెచ్చి కాల్చేయండి.

ఒక్క జాగ్రత్త. పిండినల్లి గుంపులో తెల్లకుచ్చులతో, దానికంటే పెద్దగా, చురుగ్గా నడిచేది కనిపిస్తే నలపకండి. అది పిండినల్లిని తినే క్రిప్టోలేమస్ అక్షింతల పురుగు పిల్ల. అనుమానముంటే ఆకు అడుగువైపు ఫోటో, ఏ చెట్టో రాసి, గుంపులో పెట్టండి.