బీళ్లలో పెరుగు తోటపూలు: లంటానా పొదను గూర్చి రైతులకు తెలియజేయు సంగతులు

పాడుపడిన గ్రామముల యొద్దను, శిథిలమైన గుడుల చెంతను, మనుష్యసంచారము లేని బీళ్లలోను తోటపూలు పూచియుండుట రైతులెల్లరు చూచినదే. వీనినన్నిటిని ఒక్క తీరుగ నెంచరాదు. దేవగన్నేరు, ముద్దనందివర్ధనము మన ప్రాంతమున కాయ కాయుట అరుదు. మనుష్యుడు కొమ్మ నాటిననే మొలచును. కావున అవి నిర్జనప్రదేశమున కనబడినచో, పూర్వమొకప్పుడచ్చట ఇల్లో గుడియో యుండెనని యూహింపవచ్చును. అవి నాటిన చోటు విడిచి కదలవు.

కదలునది లంటానా. దీనిని కొన్ని తావుల పులికంప యనియు, కొన్ని తావుల తలంబ్రాలచెట్టనియు పిలుతురు. ఒకే గుత్తిలో పసుపు, నారింజ, ఎరుపు వన్నెల చిన్నపూలుండును. ఇది అమెరికా ఖండపు ఉష్ణప్రదేశముల మొక్క. అందము కొరకు 1800 దాటిన కొలది సంవత్సరములకే కలకత్తాలోని వృక్షశాస్త్రోద్యానమునకు తేబడెను. పిమ్మట బంగళాతోటలకు కంచెగా నాటిరి. దీని నల్లని పండ్లను గోరువంకలు, పిగిలిపిట్టలు తిని, విత్తనములను దూరదూరముల విసర్జించును. ఆ విధముగ తోటనుండి గట్టునకు, గట్టునుండి అడవికి వ్యాపించెను. దట్టమైన పొద క్రింద గడ్డి మొలవదు. దస్తరములో పశువుల మేతభూమి యని వ్రాయబడియుండును. వెళ్లి చూచినచో మేక దూరుటకైన సందుండదు.

అంతకన్న ముఖ్యమైనది విషము. దీని యాకు పశువుల కార్జమును చెరచును. ఆ ప్రాంతమున పెరిగిన పశువులు సాధారణముగ దీనిని ముట్టవు. సంతనుండి క్రొత్తగా తెచ్చినవియు, కరవుకాలమున ఆకలిగొన్నవియు తినును. మేత మానుట, పేడ గట్టిపడి నిలిచిపోవుట, కన్నులు పచ్చబడుట, ఎండ తగిలిన మూతియు తెల్లచర్మమును పగిలి పుండ్లగుట దీని లక్షణములు. ఎండదెబ్బ యని తలచి జాగు చేసినచో పశువు దక్కుట కష్టము. వెంటనే నీడకు చేర్చి పశువైద్యుని పిలువవలెను.

పొదను పైపైన కొట్టినను, కాల్చినను మొదటినుండి మరల చిగుర్చును. ఏటేట కూలి దండుగ. దీని పండును తొలుచు నొక ఈగను 1921లో హవాయి దీవులనుండి తెప్పించిరి గాని, అదియు పొదను అణచజాలకపోయెను. చేయవలసిన దేమనగా, పూతకు ముందే, నేలకు ఒకటి రెండు అంగుళముల క్రింద, కాండము వేరుగ మారు చోట, తల్లివేరును నరికివేయవలెను. పెరికిన పొదను తలక్రిందుగ నిలిపి ఎండనీయవలెను. పచ్చికొమ్మ తడినేలను తాకినచో మరల వేరూనును. పక్షులు వ్రాలు చెట్ల క్రింద మొలకలు గుంపులుగ వచ్చును. తొలకరి పిమ్మట, నేల మెత్తగ నుండగా, వానిని చేతితో పెరికివేయవలెను. ఈ పని ఒక్క యేటితో తీరదు. కనీసము రెండు మూడేండ్లు విడువక చేయవలెను. ఖాళీయైన నేలను ఊరక విడువక గడ్డివిత్తనము చల్లవలెను.

పూలయందలి ముచ్చటచే పెరటికంచెకు లంటానా నాటినవారు దానిని తీసివైచి గోరింట నాటుకొనవచ్చును.