క్షేత్రపర్యటనలో కంప్యూటరుకు వాహన విద్యుత్తు: యాదగిరిగుట్ట పరిసరాల నేపథ్యం

ఉపోద్ఘాతం:
శాసనాలు, స్థలపురాణాలు, జానపద గేయాలపై పరిశోధించేవారికి యాదగిరిగుట్ట పరిసరాలు సమృద్ధమైన క్షేత్రం. హైదరాబాదు నుండి గుట్టకు సుమారు 60 కిలోమీటర్లు. దారిలో భువనగిరి కోట, ఇంకా ముందుకు వెళితే ఆలేరు సమీపాన జైనక్షేత్రమైన కొలనుపాక ఉన్నాయి. ఉదయం బయలుదేరిన పరిశోధకుడు సాయంత్రం వరకు ఛాయాచిత్రాలను, ధ్వనిముద్రణలను ల్యాప్‌టాప్‌లో భద్రపరచుకోవలసి ఉంటుంది. వయోవృద్ధుడైన కళాకారుడు ఒకసారి పాడిన పాట మళ్లీ దొరుకుతుందన్న హామీ లేదు. ఆ వేళ ల్యాప్‌టాప్ ఆగిపోతే చేతికందే విద్యుత్తు ఎక్కినవచ్చిన కారులోనిదే.

విద్యుత్తు ప్రయాణించే మార్గం:
కారులోనిది 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. ఇంజను నడిచేటప్పుడు ఆల్టర్నేటర్ దానిని దాదాపు 14 వోల్టులకు చేరుస్తుంది. ల్యాప్‌టాప్‌లకు సాధారణంగా 19 లేదా 20 వోల్టులు కావాలి. చాలామంది వాడే ఇన్వర్టర్ 12 వోల్టులను 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తుగా మారుస్తుంది. అడాప్టర్ దానిని తిరిగి ఏకముఖంగా మార్చి 19కి దించుతుంది. కొండ ఎక్కి దిగినట్లున్న ఈ ప్రయాణంలో సుమారు నాలుగో వంతు శక్తి వేడిగా పోతుంది. 12 వోల్టులను నేరుగా 20కి పెంచే కారు ఛార్జరు ఇంతకంటె మేలు. యూఎస్‌బీ-సీ పవర్ డెలివరీ ప్రమాణం 20 వోల్టుల వద్ద 100 వాట్ల వరకు అనుమతిస్తుంది గనుక నేటి ల్యాప్‌టాప్‌లు అనేకం ఆ తీగతోనే ఛార్జ్ అవుతాయి.

లెక్క:
ల్యాప్‌టాప్ 40 వాట్లు వాడుతున్నదనుకుంటే, ఇన్వర్టర్ ద్వారా కారు బ్యాటరీ నుండి సుమారు 53 వాట్లు, అంటే నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ సామర్థ్యం 40 ఆంపియర్-గంటలు. ఇది ఇంజనును స్టార్ట్ చేయడానికి ఉద్దేశించిన బ్యాటరీ. లోతుగా ఖాళీ చేస్తే త్వరగా చెడుతుంది. నాలుగో వంతు మాత్రమే వాడితే రెండు గంటలకు కాస్త పైన. కొలనుపాక శాసనాల ముందు కూర్చున్నవారికి అది చాలదు.

అందువల్ల ఆగిన కారులోకన్న నడిచే కారులో ఛార్జ్ చేయడం ఉత్తమం. 50 వాట్-గంటల ల్యాప్‌టాప్ బ్యాటరీ, 60 వాట్ల ఛార్జరుతో, హైదరాబాదు నుండి గుట్టకు చేరేలోగా దాదాపు నిండుతుంది. ఇంజను నడుస్తున్నందున ఆ భారం ఆల్టర్నేటర్‌దే, కారు బ్యాటరీది కాదు.

ప్రమాదాలు:
ఇంజను స్టార్ట్ చేసే క్షణంలో వోల్టేజి బాగా పడిపోతుంది. ఆల్టర్నేటర్ ఛార్జ్ చేస్తుండగా బ్యాటరీ తీగ ఊడితే వోల్టేజి పదుల వోల్టులు ఎగబాకుతుంది. స్టార్ట్ చేసిన తరువాతనే ఛార్జరు తగిలించాలి. బ్యాటరీ టెర్మినళ్లు బిగువుగా ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. కారు సాకెట్ ఫ్యూజు 10 ఆంపియర్లదైతే గరిష్ఠంగా 120 వాట్లే. ల్యాప్‌టాప్‌కు చాలు, లేజర్ ప్రింటర్‌కు ఏమాత్రం చాలదు. ఫ్యూజు పోయిందని దాని స్థానంలో పెద్దది వేసేవారూ ఉన్నారు. అప్పుడు కాలేది తీగ.

బస్సులు, లారీలలో చాలావాటికి 24 వోల్టుల వ్యవస్థ ఉంటుంది. 12 వోల్టులకే తయారైన ఇన్వర్టర్ అక్కడ కాలిపోతుంది. మే నెలలో గుట్ట కింద ఎండలో నిలిపిన కారులో ల్యాప్‌టాప్‌ను ఛార్జింగ్‌లో ఉంచి వెళ్లడం మరొక పొరపాటు. బయట 40 డిగ్రీలు దాటితే మూసిన కారులోపల 60 డిగ్రీలు దాటవచ్చు. లిథియం-అయాన్ బ్యాటరీలను సాధారణంగా 45 డిగ్రీలకు పైన ఛార్జ్ చేయరాదు.