పన్నెండు లక్షల దాకా పన్ను లేదు, మరి వడ్డీలో ఎందుకు పట్టుకున్నారు? పెన్షనర్లకు ఒక లెక్క

2025 ఫిబ్రవరిలో బడ్జెట్ వచ్చినప్పటి నుంచి మన ఇళ్లలో ఒక మాట స్థిరపడిపోయింది: "పన్నెండు లక్షల దాకా పన్ను లేదు." మాట నిజమే. కానీ సంఘం కార్యాలయానికి కాగితాలు పట్టుకుని వస్తున్న పెద్దలు రెండు రకాల ప్రశ్నలు అడుగుతున్నారు. "పన్ను లేదన్నారు కదా, నా డిపాజిట్ వడ్డీలో ఎందుకు పట్టుకున్నారు?" అని ఒకరు. "పెన్షన్‌లో రూపాయి పట్టుకోలేదు, ఆడిటర్ మాత్రం మార్చి తర్వాత నలభై వేల పైన కట్టాలంటున్నారు, ఇదెక్కడి లెక్క?" అని ఇంకొకరు.

రెండింటికీ జవాబు ఒక్కటే. పెన్షన్ ఇచ్చే బ్యాంకుకో ట్రెజరీకో మన పెన్షన్ మాత్రమే కనిపిస్తుంది. డిపాజిట్ ఉన్న బ్యాంకుకు వడ్డీ మాత్రమే కనిపిస్తుంది. ఎవరి ముక్క చూసి వారు పన్ను పట్టుకుంటారు, లేదా వదిలేస్తారు. మొత్తం కూడి చూడవలసింది మనమే. లైఫ్ సర్టిఫికెట్ కోసం అందరం బ్యాంకుకు వెళ్లే నవంబరు నెల ఇది. అదే పనిలో ఈ లెక్క కూడా చూసుకుంటే మంచిదని ఇది రాస్తున్నాము.

ఒక సందేహం ముందే తీర్చేస్తాము. ఆదాయపు పన్ను కేంద్ర ప్రభుత్వానిది. బరంపురంలో ఉన్నా, సోలాపూర్‌లో ఉన్నా, హుబ్బళ్లిలో ఉన్నా, యానాంలో ఉన్నా రేటు ఒక్కటే. పెన్షన్ ఏ రాష్ట్ర ఖజానా నుంచి వచ్చినా తేడా లేదు.

ఈ ఏడాది లెక్క

2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో మొదటి 4 లక్షలకు పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల దాకా 5 శాతం, 8 నుంచి 12 దాకా 10 శాతం, 12 నుంచి 16 దాకా 15 శాతం, 16 నుంచి 20 దాకా 20 శాతం, 20 నుంచి 24 దాకా 25 శాతం, ఆపైన 30 శాతం. దాని మీద 4 శాతం సెస్సు. పన్ను వేయదగిన ఆదాయం 12 లక్షలు మించకపోతే, లెక్కకు వచ్చిన పన్నును 87ఏ కింద పూర్తిగా మాఫీ చేస్తారు. 12 లక్షల మాట అక్కడిది. షేర్లు, ఈక్విటీ మ్యూచువల్ ఫండ్లు అమ్మిన లాభానికి ప్రత్యేక రేటు ఉంటుంది, దానికి ఈ మాఫీ వర్తించదు.

పెన్షన్‌ను చట్టం జీతం కిందే చూస్తుంది. ప్రావిడెంట్ ఫండ్ ఆఫీసు ఇచ్చే పెన్షన్ కూడా అంతే. అందులోంచి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తారు.

మొదటి ప్రశ్న అడిగినవారి లెక్క ఇలా ఉంటుంది. నెలకు 54,000 చొప్పున ఏడాదికి పెన్షన్ 6,48,000. డిపాజిట్ల వడ్డీ 2,10,000. మొత్తం 8,58,000. అందులో 75,000 పోతే 7,83,000. దాని మీద పన్ను 19,150, అదంతా మాఫీ. అంటే కట్టవలసింది సున్నా. కానీ వడ్డీ ఇచ్చే బ్యాంకుకు ఈ సంగతి తెలియదు. అరవై దాటినవారికి ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ లక్ష దాటితే 10 శాతం పట్టుకోవాలి. 2025 ఏప్రిల్‌కు ముందు ఆ హద్దు 50,000. అలా ఏడాదిలో 21,000 పట్టుకుంటారు. ఫారం 15హెచ్ ముందే ఇచ్చి ఉంటే పట్టుకోరు. ఇవ్వనివారు ఇప్పుడిచ్చినా మిగిలిన నెలల వడ్డీకి పనికొస్తుంది. ఇప్పటికే పట్టుకున్న డబ్బు రిటర్ను వేస్తేనే తిరిగి వస్తుంది, తనంతట తాను రాదు.

రెండో ప్రశ్నకు తిరగేసిన లెక్క. నెలకు 90,000 పెన్షన్, ఏడాదికి 10,80,000. పెన్షన్ ఇచ్చేవారికి కనిపించేది డిడక్షన్ పోగా 10,05,000, కాబట్టి వారు ఏమీ పట్టుకోరు. వేరే బ్యాంకులో వడ్డీ 3,00,000, అక్కడ 30,000 పట్టుకుంటారు. రెండూ కూడి డిడక్షన్ తీస్తే 13,05,000. పన్ను 75,750, సెస్సుతో 78,780. పట్టుకున్నది పోను ఇంకా 48,780 కట్టాలి. అరవై దాటి, వ్యాపార ఆదాయం లేనివారికి అడ్వాన్స్ టాక్స్ బాధ్యత లేదు కాబట్టి రిటర్ను వేసేటప్పుడు కట్టవచ్చు. అయితే ఆ డబ్బు ఇప్పటి నుంచే పక్కన పెట్టుకోవాలి. ఇలాంటివారు 15హెచ్ ఇవ్వకూడదు. మొత్తం ఆదాయం మీద పన్ను సున్నా అయ్యేవారికే ఆ ఫారం.

12 లక్షలు కొద్దిగా దాటినవారు భయపడనక్కర లేదు. పన్ను వేయదగిన ఆదాయం 12,10,000 అయితే పన్ను 61,500 అని లెక్క తేలినా, దాటిన 10,000 వరకే తీసుకుంటారు, సెస్సుతో 10,400.

ఫ్యామిలీ పెన్షన్ వేరు

మన ఆడవారు ఎక్కువగా నష్టపోతున్నది ఇక్కడే. భర్త పోయాక భార్యకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్ జీతం కిందకు రాదు, ఇతర ఆదాయం కిందకు వస్తుంది. 75,000 తీసేయడం దీనికి లేదు. పెన్షన్‌లో మూడో వంతు, 25,000, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది తీస్తారు.

నెలకు 25,000 చొప్పున ఏడాదికి 3,00,000 వస్తున్న తల్లి ఉన్నారనుకోండి. 25,000 పోతే 2,75,000. భర్త డబ్బు డిపాజిట్ చేస్తే వడ్డీ 1,60,000. మొత్తం 4,35,000. పన్ను 1,750, అదీ మాఫీ. అయినా ఆదాయం 4 లక్షలు దాటింది కాబట్టి రిటర్ను వేయాలి. "పన్ను లేదు" వేరు, "రిటర్ను అక్కర లేదు" వేరు. వడ్డీలో 16,000 పట్టుకుని ఉంటే అది ఆమె డబ్బు, అడిగి తెచ్చుకోవలసిన డబ్బు. పిల్లలు దగ్గర లేని ఇళ్లలో ఈ కాగితం ఎవరూ చూడడం లేదు.

పాత విధానం ఎవరికి?

ఏమీ చెప్పకపోతే కొత్త విధానమే వర్తిస్తుంది. పాత దానిలో అరవై దాటినవారికి 3 లక్షలు, ఎనభై దాటినవారికి 5 లక్షల దాకా పన్ను లేదు. 80సీ కింద లక్షన్నర, ఆరోగ్య బీమాకు 50,000, వడ్డీకి 50,000 తగ్గింపులు అందులో ఉంటాయి. మొత్తం 12 లక్షల లోపు ఉన్న మామూలు పెన్షనర్‌కు కొత్తదే మేలు. ఆ పైన ఉండి తగ్గింపులు బాగా ఉన్నవారు రెండు లెక్కలూ వేయించుకోవాలి. వ్యాపారం లేనివారు ఏటా మార్చుకోవచ్చు, కానీ గడువులోగా రిటర్ను వేయాలి.

డెబ్బై అయిదేళ్లు నిండి, పెన్షన్, వడ్డీ రెండూ ఒకే బ్యాంకు నుంచి వస్తూ వేరే ఆదాయం లేనివారు ఆ బ్యాంకుకు డిక్లరేషన్ ఇస్తే లెక్క బ్యాంకే వేస్తుంది, రిటర్ను అక్కర లేదు. నాలుగు బ్యాంకుల్లో పంచిన డిపాజిట్లు ఒకచోట చేర్చడానికి ఇదొక కారణం.

మన ఇళ్లకే వచ్చే రెండు చిక్కులు

ఒకటి పేరు. మన అలవాటు ఇంటిపేరు ముందు. తమిళనాడులో అది ఒక్క అక్షరంగా మిగిలింది. మహారాష్ట్రలో సొంత పేరు, తండ్రి పేరు, తర్వాత ఇంటిపేరు. అలా పాన్‌లో ఒకటి, ఆధార్‌లో ఒకటి, పెన్షన్ ఉత్తర్వులో ఒకటి ఉన్నవారు మనలో చాలామంది. పేర్లు కలవక ఆధార్ లింకు కాకపోతే పాన్ పనిచేయదు. అప్పుడు వడ్డీలో 10 బదులు 20 శాతం పట్టుకుంటారు, రిఫండు ఆగిపోతుంది. ఎనభై నిండినవారికి ఈ లింకు నుంచి మినహాయింపు ఉంది. మిగిలినవారు ముందు పేరు సరిచేయించుకోండి.

రెండోది సొంతూరి పొలం. ఆంధ్రాలోనో తెలంగాణలోనో ఉన్న పొలం కౌలు వ్యవసాయ ఆదాయమే, దానికి పన్ను లేదు. కానీ ఏడాదికి 5,000 దాటితే రేటు లెక్కలో కలుపుతారు, మామూలుగా వేసే ఒకటో నంబరు రిటర్ను ఫారం కూడా పనికిరాదు. ఆడిటర్‌కు ఆ మాట దాచకండి.

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో కొత్త ఆదాయపు పన్ను చట్టం, 2025 అమలులోకి వస్తుంది. సెక్షన్ల నంబర్లు మారతాయి, "అసెస్‌మెంట్ ఇయర్" పోయి "టాక్స్ ఇయర్" వస్తుంది. ఈ రేట్లు మాత్రం ఆ చట్టం వల్ల మారడం లేదు. 2025-26 ఆదాయానికి పాత చట్టం ప్రకారమే రిటర్ను, గడువు మామూలుగా జూలై 31.

ఈ నెల చేయవలసినది ఇంతే. అన్ని పాస్‌బుక్కులూ ముందు పెట్టుకుని పెన్షన్, వడ్డీ, అద్దె ఒక కాగితం మీద కూడండి. డిడక్షన్ తీయండి. పన్ను సున్నా అని తేలితే ప్రతి బ్యాంకులో 15హెచ్ ఇచ్చి రసీదు తీసుకోండి. మీ పాన్ మీద ఎవరు ఎంత పట్టుకున్నారో 26ఏఎస్ పత్రంలో కనిపిస్తుంది, దాన్ని మీ కాగితంతో సరిచూడండి. ఓటీపీ అడిగి "రిఫండు వేయిస్తాం" అనే ఫోన్లకు జవాబివ్వకండి. లెక్క కుదరకపోతే కాగితాలన్నీ ఒక సంచిలో వేసుకుని సంఘానికి రండి, కూర్చుని కూడదాం.