మిన్నంటిన గాలిని కొలుచుట

అంత యెత్తున గాలి యుండునా యని పెద్దలు నన్నడుగుచుందురు. ఉండుననుటకు మన శ్రీహరికోటయే సాక్షి. 1981 మే 31న అచ్చటినుండి యెగసిన రోహిణి యను 38 కిలోల ఉపగ్రహము తలపెట్టినంత యెత్తు చేరక, 186 కిలోమీటర్ల వఱకు భూమిని సమీపించుచు తిరిగి, తొమ్మిది దినములలోనే నశించెను. దానిని దింపినది గాలియే. ఎంత పలుచనిదైనను, సెకనునకు సుమారు 8 కిలోమీటర్లు పరుగిడుదానికి అది యడ్డమే. ప్రతి చుట్టునకు ఎంత దిగెనో లెక్కించినచో గాలి సాంద్రత, అనగా చిక్కదనము, తెలియును.

1994 మే 4న వెడలిన స్రాస్ సి-2 ఇంకను పైయెత్తున తిరుగుచు, అచ్చటి విద్యుత్కణముల వేడిమిని కొలిచి, 2001 వఱకు నిలిచెను. సూర్యుడు ఉగ్రుడైనపుడు పైగాలి కాగి పొంగి ఉపగ్రహములను త్వరగా దింపును. ఈ కొలత లేనిచో వాని ఆయువు చెప్పజాలము. వేటకు పోవు జాలరి ముందుగా గాలి చూచుకొనును. ఉపగ్రహమును విడుచువానికిని అదియే పద్ధతి.