ఏటా అంగుళం కరిగే కొండలు

అమెరికాలో సౌత్ డకోటా వైపు వెళ్లిన మనవాళ్లు రష్మోర్ కొండ మీద చెక్కిన నలుగురు అధ్యక్షుల ముఖాలు చూసి వెనక్కొచ్చేస్తుంటారు. పిల్లలూ, మీరు మాత్రం అలా రాకండి. అక్కడికి తూర్పున, కారులో వెళ్లేంత దూరంలోనే బ్యాడ్‌లాండ్స్ నేషనల్ పార్కు ఉంది. 1978లో దానికి నేషనల్ పార్కు హోదా వచ్చింది.

కనుచూపు మేర గడ్డిమైదానం. పోగా పోగా ఒకచోట నేల ఉన్నట్టుండి తెగిపోయి, కింద మట్టి శిఖరాలు, గోడలు, గాడులు బయటపడతాయి. వాటి ఒంటినిండా బూడిద రంగు, ఎరుపు, పసుపు చారలు.

దగ్గరికెళ్లి ఒక గుట్టని తడిమి చూడండి. పైనంతా బుడిపెలు బుడిపెలుగా పగిలిన మట్టి. వేలితో నొక్కితే పొడిపొడిగా రాలుతుంది. ఎప్పటివో అగ్నిపర్వతాల బూడిద గాలికి కొట్టుకొచ్చి పడితే, అందులోంచి పుట్టిన బంకమట్టి అది. వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుని బీటలిస్తుంది, మళ్లీ వానొస్తే కొట్టుకుపోతుంది. ఇల్లు కట్టేచోట పోసిన మట్టికుప్ప మీద జడివాన కురిశాక చూశారా, సన్నసన్న కాలువలు ఎలా పడతాయో? అదే ఇక్కడ మైళ్ల పొడవునా జరుగుతోంది. సగటున ఏడాదికి అంగుళం! రష్మోర్ కొండది గ్రానైటు కాబట్టి, అది అంగుళం అరగడానికి పదివేల ఏళ్లు పడుతుంది.

మరి ఆ చారలేమిటంటారా? 7.5 కోట్ల ఏళ్ల కిందట అక్కడ సముద్రం ఉండేది. అట్టడుగు పొర ఆ సముద్రపు బురద. సముద్రం వెనక్కిపోయాక అడవులొచ్చాయి, వాటిలో మొసళ్లు, ఖడ్గమృగాన్ని పోలిన భారీ జంతువులు తిరిగాయి. తర్వాత వాతావరణం పొడిబారి గడ్డి పెరిగింది. ఎర్రచారలన్నీ ఆనాటి నేలలే. ఇలా 2.8 కోట్ల ఏళ్ల కిందటి వరకూ పొర మీద పొర పడుతూ వచ్చింది. నదులూ వానలూ దాన్ని కోయడం మొదలుపెట్టి మాత్రం అయిదు లక్షల ఏళ్లే. ఇంకో అయిదు లక్షల ఏళ్లకి ఏమీ మిగలదంటారు.

అయ్యో అనకండర్రా. కరుగుతోంది కాబట్టే లోపలున్నవి పైకొస్తున్నాయి. 2010లో ఏడేళ్ల పాప ఒకతి అక్కడి సందర్శకుల కేంద్రం పక్కనే కత్తికోరల పిల్లి పుర్రె కనిపెట్టింది! తీసి జేబులో వేసుకోలేదు, పార్కుని కాపాడే రేంజర్లకి చెప్పింది. ఎముక ఏ పొరలో దొరికిందో తెలిస్తేనే దాని కాలం తెలుస్తుంది మరి. మీకూ కనిపిస్తే ముట్టుకోకండి. ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని, వెళ్లి రేంజర్లకి చెప్పండి.