విజయపురి రాణివాసం: ఇక్ష్వాకుల బంధుత్వాలు, బౌద్ధ దానాలు

జపాన్ చక్రవర్తి షోము పట్టమహిషి కోమ్యో ఆయన తల్లికి సవతి చెల్లెలు. క్రీ.శ. 756లో భర్త మరణించగా ఆయన వస్తువులను ఆమె తోదాయిజీ బుద్ధునికి సమర్పించింది. రాజబంధుత్వమూ బౌద్ధదానమూ ఇట్లు పెనవేసుకొనుట అంతకు దాదాపు అయిదు శతాబ్దాల పూర్వమే కృష్ణాతీరాన కనబడుతుంది.

నాగార్జునకొండ ఇక్ష్వాకులలో మొదటివాడైన వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధ, వాజపేయాది క్రతువులు చేసినవాడు, మహాసేనుని భక్తుడు. అక్కడి మహాచైత్యానికి ముఖ్యదాత మాత్రం ఆయన సోదరి, పూకీయ వంశపు మహాతలవరుని భార్య అయిన శాంతిశ్రీ. ఆమె మేనల్లుడు వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో, అపరమహావినశైలీయుల కొరకు ఆ నిర్మాణం పూర్తయింది.

ఆయక స్తంభాల శాసనాలే ఈ కుటుంబ వృక్షానికి ఆధారం. శాంతమూలుని మరొక సోదరి హర్మ్యశ్రీ కుమార్తెలు బాపిశ్రీ, షష్ఠిశ్రీలు వీరపురుషదత్తుని రాణులు. అనగా రాజు మేనత్త కూతుళ్లను వివాహమాడినాడు. తెలుగువారికి సుపరిచితమైన మేనరికమిది. ఉజ్జయిని మహారాజ బాలికగా చెప్పుకొన్న రుద్రధర భట్టారిక ఒక స్తంభాన్నీ, 170 దీనారి మాషకాలనూ దానమిచ్చింది. మరొక రాణి భట్టిదేవి తన కుమారుడు ఎహువల శాంతమూలుని 2వ సంవత్సరంలో బహుశ్రుతీయులకు విహారం కట్టించింది. వనవాస మహారాజు భార్య అయిన రాజపుత్రి కొడబలిశ్రీ 11వ సంవత్సరంలో మహీశాసకులకు మరొక విహారమిచ్చింది. ఒకే ఇంటి స్త్రీలు మూడు నికాయాలను పోషించినారు.

ఇచ్చట పరిశోధకులు జాగరూకులై ఉండవలసిన సంగతి ఒకటి ఉన్నది. 18వ సంవత్సరపు శాసనంలో శాంతిశ్రీ వీరపురుషదత్తుని అల్లుడన్నది. దీనినిబట్టి ఆమె కుమార్తె కూడా రాణి అయినదని పండితులు ఊహించినారు. ఆ ఊహ సంభావ్యమే. కాని మేనరికం ఉన్న సమాజంలో అన్న కొడుకు సహజంగానే అల్లుని వరుస. నేటికీ మేనత్త అతనిని 'అల్లుడా' అనియే పిలుచును. కూతురి పేరు శాసనంలో లేనప్పుడు, ఒక్క బంధువాచకంతో వంశవృక్షానికి కొత్త రాణిని చేర్చుట తొందరపాటు కావచ్చును.

యజ్ఞకర్తయైన రాజు, బౌద్ధోపాసికలైన స్త్రీలు ఒకే ఇంట ఉండుటలో వైరుధ్యాన్ని వెదకనక్కరలేదు. ఆ స్త్రీల దానశాసనాలు లేకున్న ఆ రాజుల కుటుంబమే మనకు తెలిసియుండేది కాదు.